ఎఫ్-జీరో జీఎక్స్, వైపౌట్: ఒకసారి వదిలేసిన రేసుకు మళ్లీ వెళ్లాలంటే ఏది మేలు?

ఎఫ్-జీరో జీఎక్స్ అనే రేసింగ్ వీడియో గేమ్ నేను మొదటిసారి ఆడింది 2004లో, డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నప్పుడు. ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. మా రూమ్మేట్ ఒకడు సెకండ్ హ్యాండ్‌లో నింటెండో వాళ్ల గేమ్‌క్యూబ్ కన్సోల్ కొన్నాడు. శుక్రవారం రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక నాలుగు కంట్రోలర్లు బయటికొచ్చేవి. స్క్రీన్‌ని నాలుగు ముక్కలు చేసుకుని అర్ధరాత్రి దాకా ఆడేవాళ్లం. అప్పుడు ఎంతో బాగుండేది. ఒక్కణ్నే కూర్చుని స్టోరీ మోడ్ మొదలుపెట్టాకే కష్టమంతా తెలిసింది. రెండో అధ్యాయంలో సమురాయ్ గోరో అనే ప్రత్యర్థితో పోటీ. లోయలో దారి, పైనుంచి దొర్లిపడే బండరాళ్లు. రాయిని తప్పించుకుంటే గోడ తగిలేది, గోడని తప్పించుకుంటే గోరో వెళ్లిపోయేవాడు. వారం రోజులు అదే ఆడి, డిస్కు తీసి పక్కన పెట్టేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాని జోలికి వెళ్లలేదు.

2025 జూన్‌లో స్విచ్ 2 అనే కొత్త కన్సోల్ విడుదలైన రోజే నింటెండో తన ఆన్‌లైన్ సభ్యులకు గేమ్‌క్యూబ్ పాత ఆటలు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి విడతలోనే జీఎక్స్ ఉంది. ఇంట్లో ప్లేస్టేషన్ మీద వైపౌట్ ఒమేగా కలెక్షన్ కూడా సగంలో వదిలేసి ఉంది. రెండూ భవిష్యత్తులో జరిగే రేసులే. రెండిట్లోనూ బండికి చక్రాలుండవు, గాల్లో తేలుతూ పోతుంది. రెండూ కష్టమైనవే. ఆఫీసు, ఇల్లు పోగా వారానికి నాకు మిగిలే సమయం నాలుగైదు గంటలు. అందులో దేనికి మళ్లీ అవకాశం ఇవ్వాలో తెలియక కొన్ని నెలలు రెండూ ఆడాను. ఇలాగే ఏదో ఒక ఆట వదిలేసి, మనసులో ఎక్కడో అది మిగిలిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

జీఎక్స్ పుట్టుకే ఒక విశేషం. ఎఫ్-జీరో నింటెండో సొంత ఆట. 1990లో సూపర్ ఫామికామ్ అనే వాళ్ల కన్సోల్‌తో పాటు వచ్చింది. సెగా చాలా ఏళ్లు నింటెండోకి బద్ధ ప్రత్యర్థి. 2001లో సెగా కన్సోళ్లు తయారు చేయడం మానేసింది. ఆ తర్వాత ఎఫ్-జీరో కొత్త ఆటను సెగాకి చెందిన అమ్యూజ్‌మెంట్ విజన్ అనే స్టూడియో చేతిలోనే పెట్టింది నింటెండో. దానికి పెద్ద తోషిహిరో నాగోషి. అంతకుముందు డేటోనా యూఎస్ఏ అనే కారు రేసు ఆట చేసినాయన. 2003లో జీఎక్స్ బయటికొచ్చింది. ట్రాక్ మీద ఒకేసారి ముప్పై బండ్లు, సెకనుకు అరవై ఫ్రేములు. ఆర్కేడ్‌లో నాణెం వేసి ఆడే ఆటకుండే తొందర, కాఠిన్యం దీని నరనరాన ఉన్నాయి.

వైపౌట్‌ది వేరే ఊరు, వేరే స్వభావం. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో సైగ్నోసిస్ అనే స్టూడియో 1995లో మొదటి ప్లేస్టేషన్ కోసం చేసింది. బొమ్మలు, అక్షరాలు, జట్ల గుర్తులు షెఫీల్డ్‌కి చెందిన డిజైనర్స్ రిపబ్లిక్ వాళ్లవి. అప్పటి ఇంగ్లండ్ క్లబ్బుల్లో మోగే ఎలక్ట్రానిక్ సంగీతం ఆటలోకి వచ్చింది. ఆ స్టూడియోనే తర్వాత స్టూడియో లివర్‌పూల్ అయింది. 2012లో సోనీ దాన్ని మూసేసింది. అప్పటికే వచ్చిన వైపౌట్ హెచ్‌డీ, ఫ్యూరీ, 2048 మూడిటినీ కలిపి 2017లో పీఎస్4 కోసం తెచ్చిందే ఒమేగా కలెక్షన్.

చూడ్డానికి ఏది అందంగా ఉందంటే మారుమాట లేకుండా వైపౌట్. అది ఇంతటితో వదిలేస్తాను. అసలు మాట్లాడాల్సింది కష్టం గురించి.

కష్టమైన ఆటలన్నీ ఒకే రకంగా కష్టంగా ఉండవు. వైపౌట్ పట్టు తప్పినవాణ్ని పట్టుకుని నిలబెడుతుంది. పైలట్ అసిస్ట్ అనే సదుపాయం ఆన్ చేస్తే బండి గోడవైపు పోతున్నప్పుడు ఆటే కొంచెం పక్కకి లాగుతుంది. ట్రాక్ మీంచి కింద పడితే ఎత్తి మళ్లీ దారి మీద పెడుతుంది. వేగాలు నాలుగు తరగతులు: వీనమ్, ఫ్లాష్, రేపియర్, ఫాంటమ్. వీనమ్‌లో మలుపు కనిపించాక ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఫాంటమ్‌లో మలుపు కనిపించేసరికే చెయ్యి తిరిగి ఉండాలి. అయినా అక్కడిదాకా ఒక్కో మెట్టే ఎక్కిస్తుంది.

జీఎక్స్‌లో అలాంటి దయ తక్కువ. కింద పడ్డావంటే బండి పోయినట్టే, ఆ రేసు అక్కడితో సరి. గ్రాండ్ ప్రి అనే వరుస రేసుల పోటీలో స్పేర్ బండ్లు ఉంటే ఆ రేసు మళ్లీ మొదటి నుంచి. అన్నిటికన్నా తేలికైన నోవిస్ స్థాయిలో కూడా వేగం గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. మొదటిసారి ఆడేవాళ్లకి గుండె దడ, అరచేతుల్లో చెమట. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా లేదు.

ఇరవై ఏళ్ల క్రితం నాకు అర్థం కానిది ఒకటుంది. జీఎక్స్‌లో ఎనర్జీ మీటర్ ఒక్కటే. గోడ తగిలినా, పక్క బండి గుద్దినా అందులోంచే తగ్గుతుంది. రెండో ల్యాప్ నుంచి బూస్ట్ నొక్కడానికి వీలవుతుంది, ఆ బూస్ట్ కూడా అదే మీటర్‌ని తింటుంది. అంటే బండి ప్రాణమే దాని పెట్రోలు. ఎంత వేగం కావాలో అంత ప్రాణం ఖర్చుపెట్టాలి. ట్రాక్ మీద అక్కడక్కడా మెరిసే పట్టీలుంటాయి, వాటి మీద నడిపితే మీటర్ మళ్లీ నిండుతుంది. అప్పట్లో నేను ఎనర్జీని దాచుకునేవాణ్ని. మీటర్ నిండుగా ఉంచుకుని పద్దెనిమిదో స్థానంలో రేసు ముగించేవాణ్ని. ఈసారి పట్టీ ఎక్కడుందో ముందే గుర్తుపెట్టుకుని, అక్కడికి చేరేలోపు దాదాపు అంతా ఖర్చుపెట్టేయడం మొదలుపెట్టాను. పట్టీ మీదికి వచ్చేసరికి మీటర్‌లో సన్నని గీత మిగిలుంటుంది. ఆ ఒక్క మార్పుతో పద్దెనిమిది కాస్తా ఐదైంది, తర్వాత రెండైంది.

వైపౌట్‌లోనూ ఇలాంటి లెక్క ఒకటుంది, కానీ అది ఆయుధాల చుట్టూ తిరుగుతుంది. ట్రాక్ మీద దొరికిన రాకెట్‌నో మిసైల్‌నో ముందువాడి మీద వదలొచ్చు, లేదా దాన్నే మింగేసి బండి ఎనర్జీ నింపుకోవచ్చు. గాల్లో ఉన్నప్పుడు ఎడమ, కుడి, ఎడమ అని కొడితే బండి ఒక పల్టీ కొడుతుంది. దానికి కొంత ఎనర్జీ పోతుంది, నేలకి దిగగానే వేగం వస్తుంది. ఈ ఎంపికలు నాకు చాలా ఇష్టం. అయితే చేతికి ఏ ఆయుధం వస్తుందో మన చేతిలో లేదు. చివరి మలుపులో వెనకనుంచి వచ్చిన మిసైల్ తగిలి మొదటి స్థానం పోయిన రాత్రులు చాలా ఉన్నాయి. అప్పుడు నేను నేర్చుకునేది ఏమీ లేదు, మళ్లీ ఆడడమే. జీఎక్స్‌లో ఎక్కువసార్లు ఓడింది నా చేతి తప్పు వల్లే. మలుపులో ఆలస్యంగా తిప్పాను, బూస్ట్ తొందరపడి నొక్కాను, దూకినప్పుడు ముక్కు దించలేదు. ఎందుకు ఓడానో తెలుస్తుంది కాబట్టి తర్వాతి ప్రయత్నంలో సరిచేసుకోవచ్చు. తక్కువ సమయం ఉన్నవాడికి ఇది చిన్న విషయం కాదు.

జీఎక్స్‌లో అన్యాయం లేదని మాత్రం చెప్పను. స్టోరీ మోడ్‌లో ప్రత్యర్థుల్ని ఎంత వెనక్కి నెట్టినా మళ్లీ వచ్చి అంటుకుంటారు. ఏడో అధ్యాయం గ్రాండ్ ప్రి రేసు. అది ఎంతోమందిని ఏడిపించింది. అక్కడ మన నైపుణ్యం ఎంతున్నా కొంత అదృష్టం కలిసిరావాలి. అందుకే జీఎక్స్‌కి మళ్లీ వెళ్లేవాళ్లకి నా మొదటి సలహా, స్టోరీ మోడ్ ముట్టుకోవద్దు. మొదట్లోనే తెరిచి ఉంటుంది కాబట్టి అదే అసలు దారి అనిపిస్తుంది. 2004లో నేను పడింది అక్కడే. గ్రాండ్ ప్రిలో మొదటిదైన రూబీ కప్‌తో, నోవిస్‌లో మొదలుపెట్టండి. ఒక ట్రాక్ ఇబ్బంది పెడితే టైమ్ అటాక్‌లోకి వెళ్లి, చుట్టూ ఎవరూ లేకుండా దాన్నే పదిసార్లు తిరగండి.

రేసు ముందు ఒక స్లైడర్ కనిపిస్తుంది: ఒక చివర టాప్ స్పీడ్, ఇంకో చివర యాక్సిలరేషన్. దాన్ని నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. మధ్యలో వదిలేసేవాణ్ని. గోడలు తగులుతున్నంత కాలం దాన్ని యాక్సిలరేషన్ వైపు జరపండి, తగిలిన ప్రతిసారీ వేగం త్వరగా తిరిగొస్తుంది. చెయ్యి కుదిరేకొద్దీ కొంచెం కొంచెంగా రెండో వైపు జరపండి. స్లైడర్ ఎక్కడిదాకా జరిగిందో చూస్తే మనం ఎంత ఎదిగామో తెలుస్తుంది. బండి విషయానికొస్తే మొదట నాలుగే ఇస్తారు. గోల్డెన్ ఫాక్స్‌కి బూస్ట్ బలం, ఒళ్లు మెతక. వైల్డ్ గూస్ దెబ్బలకి తట్టుకుంటుంది. మొదటి నెల నేను వైల్డ్ గూస్ దిగలేదు.

మలుపుల దగ్గర రెండు ఆటలూ వేర్వేరు చేతులు అడుగుతాయి. వైపౌట్‌లో ఎడమకీ కుడికీ విడిగా ఎయిర్ బ్రేకులుంటాయి. బండి బరువుగా, నీటిమీద పడవలా కొట్టుకుపోతూ తిరుగుతుంది. మలుపుకి చాలా ముందే మొదలుపెట్టాలి. జీఎక్స్‌లో బండి రోడ్డుని పట్టుకుని ఉంటుంది, భుజాల దగ్గరి ట్రిగ్గర్లు రెండూ కలిపి నొక్కితే ఒక్కసారిగా జారి తిరుగుతుంది. నాకు వైపౌట్ చెయ్యి కుదరడానికి మూడు సాయంత్రాలు పట్టింది, జీఎక్స్‌కి మూడు వారాలు. రెండిటికీ పనికొచ్చినది ఒకటే: చూపు బండి మీద పెట్టకుండా దారి చివర పెట్టడం. హైవే మీద బైకు నడిపేటప్పుడు ముందు చక్రాన్ని చూడం కదా, అలాగే.

మూడో దారి కూడా ఒకటుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన ఎఫ్-జీరో 99. 1990 నాటి ఆటనే ఆన్‌లైన్‌లో తొంభై తొమ్మిది మంది కలిసి ఆడేలా మార్చారు. ఎనర్జీ, బూస్ట్ ఒకే మీటర్‌లో ఉండే లెక్క ఇక్కడా ఉంది. ఒక్కో రేసు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. జీఎక్స్ అంటే భయంగా ఉన్నవాళ్లు ముందు ఇందులో ఆ లెక్క అలవాటు చేసుకుంటే మంచిది.

ఖర్చు సంగతి కూడా చూడాలి. జీఎక్స్ విడిగా డౌన్‌లోడ్‌కి అమ్మరు. స్విచ్ 2తో పాటు నింటెండో ఆన్‌లైన్ సభ్యత్వంలో పై స్థాయి ప్లాన్ తీసుకోవాలి. లేదంటే పాత గేమ్‌క్యూబ్, పాత డిస్కు వెతుక్కోవాలి. వైపౌట్ ఒమేగా అయితే డిస్కు కొంటే చాలు, పీఎస్5 మీద కూడా నడుస్తుంది. ఇంట్లో ఉన్నది ప్లేస్టేషన్ అయితే ఈ ఒక్క ఆట కోసం ఇంకో కన్సోల్ కొనమని నేను చెప్పను. అలాంటివాళ్లు వైపౌట్‌కే మళ్లీ వెళ్లండి, పైలట్ అసిస్ట్ మొహమాటం లేకుండా ఆన్ చేసుకోండి. అలసిపోయి వచ్చిన రోజు జోన్ మోడ్ పెట్టుకోండి. అందులో ఆయుధాలుండవు, బండి దానంతటదే వేగం పెంచుకుంటూ పోతుంది, మనం దారి తప్పకుండా చూసుకోవడమే పని. పాటలు వింటూ ఇరవై నిమిషాలు గడిచిపోతాయి.

రెండూ అందుబాటులో ఉంటే మాత్రం నా ఓటు జీఎక్స్‌కే. వైపౌట్ మొదటిసారే బాగుంది, రెండోసారీ అంతే బాగుంది. జీఎక్స్ రెండోసారికి నాకు వేరే ఆటయింది. అప్పుడు గోడలా నిలబడిన మలుపులే ఇప్పుడు దారి చూపిస్తున్నాయి. పోర్ట్ టౌన్‌లో ఏరో డైవ్ అనే ట్రాక్ ఉంది. అందులో పైనుంచి కిందికి చాలా దూరం దూకాలి. 2004లో అక్కడ కళ్లు మూసుకునేవాణ్ని. ఇప్పుడు గాల్లో స్టిక్ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ముక్కు ఎక్కడ దించాలో చూసుకుంటున్నాను.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. మొదట వైపౌటే ఆడింది. రంగులు బాగున్నాయంది. పైలట్ అసిస్ట్ ఎలా తీసేయాలో రెండు వారాలకి తనే వెతుక్కుంది. పోయిన ఆదివారం నా పక్కన కూర్చుని జీఎక్స్‌లో మ్యూట్ సిటీ ట్విస్ట్ రోడ్ ఆడుతూ, మూడో ల్యాప్‌లో పట్టీ ఇంకా రాకముందే బూస్ట్ నొక్కుతూ పోయింది. “మీటర్ అయిపోతోందమ్మా, ఆగు” అన్నాను. “పట్టీ ఆ మలుపు తిరగ్గానే ఉంది నాన్నా” అంది, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. సన్నని గీత మిగిలుండగా పట్టీ ఎక్కింది. ఆ రేసులో నాకన్నా ముందే ముగింపు గీత దాటింది.