చిత్తూరులో ఏఐ కంటి పరీక్ష: మా అవ్వతో పోయొచ్చినాక

మా అవ్వకు ఇరవై ఏళ్ళుగా షుగరు. బంగారుపాళెం నుంచి బస్సులో చిత్తూరులోని ఒక కంటి పరీక్ష కేంద్రానికి పిల్చుకపోయినా. అక్కడ రెటీనా (కంటి లోపల వెనక పొర) ఫోటో తీస్తే, షుగరు వల్ల దెబ్బతినిందో లేదో ఏఐ చెప్తుంది.

"అవ్వా, గడ్డం ఈడ ఆనించు, రెప్ప కొట్టొద్దు" అన్నాడు టెక్నీషియన్. ఎడమ కన్ను నిమిషంలో అయిపోయింది. కుడి కంట్లో శుక్లం. మూడుసార్లు తీసినా ఫోటో మసకే, మిషను ఫలితం ఇయ్యలేదు. ఆ పిల్లోడు ఇంటికి పంపెయ్యకుండా లైట్లార్పి ఇంకోసారి తీసినాడు. అప్పటికీ కాకపోతే డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టినాడు. ఆమె చుక్కల మందేసి, కంటిపాప విచ్చుకున్నాక స్వయంగా చూసింది. నాకు బాగా నచ్చింది ఇదే. గూగుల్ ఏఐ మీద 2020లో వెలువడిన థాయ్‌లాండ్ అధ్యయనంలోనూ ఐదింట ఒక ఫోటో మిషనుకు పనికిరాలేదు. అందుకే పక్కన డాక్టరు ఉండాల్సిందే.

నచ్చనిది ఒకటుంది. అవ్వతో వేలిముద్ర వేయించిన ఒప్పుదల కాగితం ఇంగ్లీషులో ఉంది. ఫోటోలు ఎవరు దాచుకుంటారని అడిగితే కౌంటర్లో జవాబు లేదు. వైద్యంలో ఏఐ వాడకం మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా రోగి తెలిసి ఒప్పుకోవాలనే ఉంది.

ఆర్నెల్లకు మళ్ళీ రమ్మన్నారు. పోతాం. తెలుగు కాగితం ఇచ్చి, చదివి వినిపిస్తేనే ఈసారి వేలిముద్ర.