ఛలోక్తి అంటే ఏమిటి? ఆంధ్రభారతి నిఘంటుశోధనతో ఒక సాయంత్రం

‘ఆయన ఛలోక్తి విసరగానే సభ నవ్వులతో నిండింది’ అన్న వాక్యం పత్రికలు చదివేవారికి బాగా పరిచయమైనదే. ఆ మాటకు అర్థమేమిటని మా అమ్మాయి అడిగినప్పుడు, ఫోనులో ఉన్న ఒక నిఘంటువు యాప్ ‘జోక్’ అని మాత్రమే చెప్పి ఊరుకుంది. ఆ సమాధానం చాలదనిపించి ఆంధ్రభారతి వెబ్‌సైటు వారి నిఘంటుశోధనను తెరిచాను.

ఈ సేవ ఉచితం. ఒక్కసారి మాటను టైపు చేస్తే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, కావ్యప్రయోగాలతో సహా అర్థాలిచ్చే సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివన్నీ ఒకేచోట వెదకవచ్చు. బ్రౌన్ అర్థాలను ఇంగ్లీషులో ఇచ్చాడు గనుక విదేశాల్లో పెరిగే మన పిల్లలకూ అక్కరకు వస్తుంది. అయితే సమాసాలను విడదీసి వెదికితేనే దీని విలువ పూర్తిగా తెలుస్తుందని నా అనుభవం.

ఛల, ఉక్తి అన్న రెండు మాటలు గుణసంధితో ఛలోక్తి అయ్యాయి. ఉక్తి అంటే మాట. కీలకమంతా ‘ఛలము’లో ఉంది. వంచన, నెపం అన్నవి దాని అర్థాలు. న్యాయశాస్త్రంలోనైతే (కోర్టుల చట్టం కాదు, ప్రాచీన తర్కశాస్త్రం), ఎదుటివాడు ఒక అర్థంలో అన్న మాటకు మరో అర్థం కల్పించి ఖండించడాన్ని ఛలమంటారు. కొత్త కంబళి కప్పుకున్న కుర్రవాణ్ణి ‘నవకంబళుడు’ అంటే, ‘నవ’ శబ్దానికి తొమ్మిది అనే అర్థం తీసుకుని, ‘వీడికున్నది ఒకటే కదా, తొమ్మిదెక్కడివి?’ అని అడ్డుకోవడం ఆ శాస్త్రసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలోని (వ్యాఖ్యానంలోని) ఉదాహరణ.

శాస్త్రవాదంలో దోషంగా లెక్కించిన ఈ పద్ధతినే మనం ఇళ్లలో ఎంతో ఆప్యాయంగా వాడుకుంటాం. ‘ఇక వస్తానండీ’ అని అతిథి లేవబోతే, ‘వచ్చే ఉన్నారుగా, మళ్లీ రావడమెందుకు, కూర్చోండి’ అంటుంది ఇల్లాలు. అతిథి మాటనే పట్టుకుని, దాని అర్థాన్ని కాస్త పక్కకు తిప్పి, ఒక్క వాక్యంలో ముగించింది. అసలైన ఛలోక్తి అదే. అందుకే పొడుగాటి హాస్యకథను ఛలోక్తి అనడం నాకు సమ్మతం కాదు, మనసు నొప్పించే ఎత్తిపొడుపును అలా పిలవడం అసలే కాదు. ఒత్తు తీసేసి ‘చలోక్తి’ అని రాస్తే ‘చల’ అంటే కదిలేది కనుక ఈ చరిత్రంతా చెరిగిపోతుంది.

శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర వంటి పాత నిఘంటువులు ప్రధానంగా కావ్యభాష కోసం కూర్చినవి గనుక, ఒక మాటను నేడు ఏ క్రియతో, ఎవరి ముందు వాడాలో వాటిలో వెదకడం న్యాయం కాదు. ‘విసరడం’ పత్రికల వాడుక అనీ, మాటల్లోనైతే ‘చమత్కారంగా అన్నాడు’ అంటామనీ మా అమ్మాయికి నేనే చెప్పాను.