ఆంప్ లేకుండా ఆర్చ్‌టాప్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

నాది ఆర్చ్‌టాప్, అంటే ముందు పలక వయొలిన్‌లా ఉబ్బెత్తుగా ఉండే గిటార్. చెక్కిన స్ప్రూస్ కలప పలక, వెనకా పక్కలా మేపుల్ కలప, 17 అంగుళాల వెడల్పు, రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు. తీగల కదలికను ఆంప్‌కు అందించే పికప్ పలకకు తగలకుండా, పిక్ గీతలు పడకుండా కాపాడే పిక్‌గార్డ్‌కు వేలాడుతుంది. ఈ గిటార్ కొన్న మొదటి ఏడాది ఎవరికైనా ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆంప్‌కు, అంటే శబ్దం పెంచే యాంప్లిఫైయర్‌కు తగిలిస్తే బాగానే పలికేది. ఊరికే వాయిస్తే మాత్రం అట్టపెట్టెకు రబ్బరు బ్యాండు కట్టి లాగినట్టుండేది.

సగం తప్పు నా చెవిదే. మామూలు అకూస్టిక్ గిటార్‌లో తీగలు పలకకు అతికించిన బ్రిడ్జ్‌ను, అంటే తీగలను మోసే చెక్కను పట్టి లాగుతాయి. ఇందులో వయొలిన్‌లో లాగా బ్రిడ్జ్ మీదుగా గిటార్ చివర తీగలు కట్టే టెయిల్‌పీస్‌కు పోతూ పలకను కిందికి నొక్కుతాయి. అందుకే స్వరం ఠక్కున లేచి తొందరగా చల్లారుతుంది. బాస్ తక్కువ, మధ్య స్థాయి బలం ఎక్కువ. గిబ్సన్ కంపెనీ 1922లో ఎల్-5 అనే ఆర్చ్‌టాప్ తెచ్చిన రోజుల్లో గిటార్‌కు పికప్ లేదు. ఆ తర్వాత ట్రంపెట్ల హోరులోనూ ఈ రకం గిటార్లు వినిపించాయంటే ఈ గుణం వల్లే. ఇది తెలిశాక బాస్ కోసం వెతకడం మానేశాను.

అసలు మార్పు బ్రిడ్జ్ దగ్గర వచ్చింది. ఒకరోజు దాని పాదం కిందికి సన్నని కాగితం తోసి చూస్తే సన్న తీగల వైపు హాయిగా దూరిపోయింది! అంటే అటువైపు పాదం పలక మీద సరిగా ఆననే లేదు. పలక మీద సాండ్‌పేపర్ గరుకు వైపు పైకి ఉండేలా పరిచి, బ్రిడ్జ్‌ను దాని మీద కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ రుద్దాను. పలక వంపే పాదానికి వచ్చేదాకా రెండు సాయంత్రాలు పట్టింది. మళ్లీ తీగలు బిగించి మీటితే గిటార్ వెనక భాగం నా పొట్టకు ఝుమ్మని తగిలింది. ఇంత తేడా ఏ తీగలు మార్చినా రాలేదు.

అన్నట్టు, ఆ పనికి తీగలన్నీ ఒకేసారి విప్పేశాను, బ్రిడ్జ్ ఎక్కడుండేదో గుర్తు పెట్టుకోలేదు. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డు కమ్మీ) దగ్గర తీగను తాకీ తాకకుండా మీటితే వచ్చే హార్మోనిక్, నొక్కిన స్వరం రెండూ కలిసేదాకా దాన్ని జరుపుతూ కూర్చోవాల్సి వచ్చింది. మీరు ముందే టేపు ముక్క అంటించుకోండి.

తీగల సంగతికొస్తే, గిటార్‌తో వచ్చిన 11 సైజు ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు) తీగలు తీసేసి ఇంకా లావైన 13 సైజు బ్రాంజ్ చుట్టు తీగలు వేశాను. మెడ కొంచెం వంగింది, మెడ లోపలి కడ్డీ, అంటే ట్రస్ రాడ్ సర్దాను. బ్రాంజ్‌ను మాగ్నెటిక్ పికప్ సరిగా పట్టదు, చుట్టు లేని రెండు సన్న తీగలే అరుస్తాయి. ఆంప్‌తోనూ, ఆంప్ లేకుండానూ వాయించాలంటే నికెల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి చుట్టు) తీగలు ఫర్వాలేదు. నేను ఆంప్‌నే వదులుకున్నాను.

యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు కూడా కాస్త లేపాను. కౌంట్ బేసీ జాజ్ బ్యాండ్‌లో 1937లో చేరి దాదాపు 50 ఏళ్లు రిథమ్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ తీగలు చాలా ఎత్తుగా పెట్టుకునేవాడు. అంత ఎత్తు నా వేళ్ల వల్ల కాదు.

నెల రోజులు ఫ్రెట్లను తిట్టుకున్న ఒక జుంయ్ శబ్దం చివరికి బ్రిడ్జ్ వెనక తీగల దగ్గర దొరికింది. అక్కడ ఫెల్ట్ ముక్క దూర్చాను, పోయింది.

మిగిలింది కుడిచెయ్యి. పల్చటి పిక్ ఇక్కడ దండగ, 1.5 మిల్లీమీటర్లది వాడుతున్నాను. గిటార్‌ను ఒంటికి అదుముకుంటే వెనక పలక నోరు నొక్కినట్టే, అందుకే కొంచెం ఏటవాలుగా పట్టుకుంటాను. ఇంకో చిక్కేమిటంటే, శబ్దం ఎదుటివాళ్లకు వినిపించినంతగా వాయించేవాళ్లకు వినిపించదు. గోడకు ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. రికార్డింగ్‌కు మైకు ఎఫ్ రంధ్రానికి సూటిగా కాక, బ్రిడ్జ్ వైపు అడుగు దూరంలో పెడతాను.

వేళ్లతో మెత్తగా మీటే పాటలకు ఇది ఇప్పటికీ నచ్చలేదు, వాటికి వేరే గిటార్ తీస్తాను. గాల్లో తేమ పెరిగితే పలక ఉబ్బి యాక్షన్ మారుతుంది, బ్రిడ్జ్ ఎత్తు సర్దే చక్రాలు తిప్పుకోవాలి.

మీది పలకలో పికప్ కోసి అమర్చిన ప్లైవుడ్ రకమైతే ఇంత ఆశ పెట్టుకోవద్దు. 1949లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-175 లాంటివి ఆంప్ కోసమే చేసినవి. బ్రిడ్జ్ పాదాలు మాత్రం వాటికీ ఒకసారి కాగితం పెట్టి చూడండి.