మెసేజా, ఫోన్ కాలా?

పల్లెలో గర్భిణికి టీకా సంగతి చెప్పాలంటే ఏది మేలు: ఎస్సెమ్మెస్సా, రికార్డు చేసిన గొంతుతో వచ్చే కాలా? నా ఓటు కాల్‌కే.

కేంద్ర ఆరోగ్య శాఖ 2016 జనవరిలో మొదలుపెట్టిన కిల్కారి అలాంటిదే. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికో కాల్, మొత్తం 72. డబ్బు కట్టక్కర్లేదు, బటన్ల ఫోనైనా చాలు. చదువు రాని తల్లికీ అర్థమవుతుంది. పక్కన అత్తగారు కూడా వింటే మరీ మంచిది, చాలా ఇళ్లలో ఆఖరి మాట ఆవిడదే కదా! చిక్కల్లా ఫోను భర్త జేబులో ఉన్నప్పుడే. పొలంలో ఉండగా మోగితే "ఏదో కంపెనీ కాల్" అని కట్ చేసేస్తాడు.

మెసేజ్‌కు ఆ బాధ లేదు. తారీఖు, ఆస్పత్రి పేరు మళ్లీ చూసుకోవచ్చు. కాకపోతే రీచార్జి ఆఫర్ల మధ్య ఎక్కడో మునిగిపోతుంది.

ఆఫ్రికాలోని మలావీలో సెయింట్ గాబ్రియేల్స్ ఆస్పత్రి 2008 ప్రాంతంలో ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలకు మామూలు ఫోన్లిచ్చి, ఎస్సెమ్మెస్‌లతోనే కబుర్లు నడిపింది. బాగానే పనిచేసింది. అయితే అక్కడ మెసేజ్ చదివింది శిక్షణ పొందిన కార్యకర్త, గర్భిణి కాదు.