5 శాతం టీ ట్రీ జెల్: మూడు నెలల వాడకం తర్వాత

సహజ పదార్థాలతో చేశామని చెప్పే మొటిమల క్రీములలో చాలావాటి పెట్టెల మీద వేపాకు, పసుపుకొమ్ము, తేనెబొట్టు బొమ్మలు ఉంటాయి గాని, ఏది ఎంత కలిపారన్న వివరం ఉండదు. మూడు నెలలుగా నేను వాడుతున్న ఈ జెల్‌ను ఎంచుకోవడానికి కారణం, దాని లేబుల్ మీద 'టీ ట్రీ ఆయిల్ 5 శాతం' అని స్పష్టంగా ఉండడమే. ఇది తేయాకు నూనె కాదు, ఆస్ట్రేలియాకు చెందిన ఒక చెట్టు ఆకుల నుంచి తీసే నూనె.

ఆ మోతాదుకు ఆధారం ఉంది. 1990లో ఆస్ట్రేలియాలో వెలువడిన ఒక అధ్యయనంలో 124 మందిపై 5 శాతం టీ ట్రీ జెల్‌ను, మొటిమలకు సాధారణంగా వాడే మందైన బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతం లోషన్‌ను పోల్చి చూశారు. రెండూ మొటిమలను తగ్గించాయి. టీ ట్రీ ఆలస్యంగా పనిచేసినా, దానితో ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. నా అనుభవమూ ఇలాగే సాగింది. మొదటి మూడు వారాలు చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. ఆరో వారానికి బుగ్గల మీద ఎర్రగా, నొప్పిగా లేచే మొటిమలు తగ్గుముఖం పట్టాయి. పన్నెండో వారానికి గడ్డం మీద ఒకటి రెండు మిగిలాయి.

ముక్కు మీది బ్లాక్‌హెడ్స్ మాత్రం అలాగే ఉన్నాయి. ఇది జెల్ లోపమని నేను అనను. చర్మగ్రంథుల నుంచి జిడ్డు ఎక్కువగా ఊరి, మృతకణాలతో కలిసి రోమకూపాన్ని మూసేశాక, ఆ మూసుకున్న చోట క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరిగి వాపుకు దోహదం చేస్తుంది. టీ ట్రీ నూనెలోని టెర్పినెన్-4-ఆల్ ఆ బాక్టీరియా కణత్వచాన్ని దెబ్బతీస్తుంది. పూడిన రంధ్రాన్ని తెరవడానికి సాలిసిలిక్ ఆమ్లమో అడాపలీనో కావాలి.

నాకు బాగా నచ్చినది దీని ట్యూబు. గాలి, వెలుతురు తగిలితే టీ ట్రీ నూనె ఆక్సీకరణ చెందుతుంది, అలా పాతబడిన నూనెతో అలర్జీ వచ్చే అవకాశం పెరుగుతుంది. వెలుతురు చొరని అల్యూమినియం ట్యూబు, సన్నని మూతి ఆ ముప్పును తగ్గిస్తాయి. ఇంతకుముందు నేను పారదర్శకమైన గాజుసీసాలోని అచ్చమైన నూనెను వేరే నూనెలోనో జెల్‌లోనో కలపకుండా నేరుగా రాసుకుని, వారం రోజులు దురదతో, ఎర్రటి మచ్చలతో బాధపడ్డాను. అందుకే ఈ జెల్‌ను కూడా ముందు మోచేతి లోపలి వైపు రాసి, రెండు రోజులు చూసి, ఆ తర్వాతే ముఖానికి వాడాను. ఈ నూనె పొరపాటున కడుపులోకి వెళ్తే విషప్రభావం చూపుతుంది కనుక ట్యూబును పిల్లలకు అందకుండా ఉంచాలి.

అంతకు ముందు వాడిన పసుపు క్రీముతో దిండుగలీబుకు మరకలు అంటడం తప్ప ఫలితం కనబడలేదు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం ప్రయోగశాలలో బాక్టీరియాను అణచగలదు, నిజమే. అయితే అది నీటిలో సరిగా కరగదు, వెలుతురులో త్వరగా క్షీణిస్తుంది. మొటిమలతో పాటు అవి మిగిల్చిన మచ్చలూ తగ్గాలనుకునేవారికి, గోధుమ, బార్లీ గింజల్లో సహజంగా ఉండే అజెలాయిక్ ఆమ్లం ఈ జెల్ కన్నా మెరుగైన ఎంపిక అని నా అభిప్రాయం. లోతుగా గడ్డకట్టే మొటిమలు ఉన్నవారు మాత్రం ఏ జెల్‌తోనూ కాలయాపన చేయకుండా చర్మవైద్యులను కలవాలి.

జెల్‌లో లోపాలు రెండు కనిపించాయి. కర్పూరాన్ని తలపించే ఘాటైన వాసన అరగంట దాకా పోదు. తెరిచాక ఎన్ని నెలల్లో వాడేయాలో లేబుల్ మీద లేదు. ఆక్సీకరణ చెందే నూనె విషయంలో ఇది చిన్న లోపం కాదు. ఇప్పుడు రెండో ట్యూబు మొదలుపెట్టాను. తెరిచిన తేదీని దాని మూత మీద నేనే రాసుకున్నాను.