ఉప్పునీటిలో ఏళ్ల తరబడి వాడిన 9.9 హార్స్‌పవర్ మోటారు: గేర్ల సంగతి

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది దాకా గోదావరి వశిష్ఠ పాయలోనూ, గాలి నెమ్మదించిన రోజుల్లో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోనూ ఏళ్ల తరబడి నడిపిన రెండు స్ట్రోకుల 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు మోటారు, అంటే పడవ వెనక బిగించే మోటారు ఇది. ఇంజిను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తాడు లాగితే అంటుకుంటుంది, బలంగా లాగుతుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. నేను వివరంగా రాయాలనుకున్నది గేర్ల గురించి. మా రేవులో మంచి మోటార్లు చాలా వరకు 'గేర్‌బాక్సు పోయింది' అన్న మాటతోనే సగం ధరకు చేతులు మారుతున్నాయి. విప్పి చూస్తే లోపల గేర్లు చక్కగా ఉన్న మోటార్లు వాటిలో ఎన్నో. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

లోపలి ఏర్పాటు సులువైనదే. ఇంజిను నుంచి కిందికి దిగే షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉంటుంది. ముందుకు నడిపే గేరూ వెనక్కి నడిపే గేరూ రెండూ ఎప్పుడూ దాన్ని పట్టుకునే, ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతుంటాయి. వాటి మధ్య ఫ్యాను (నీటిని తోసే రెక్కల చక్రం) షాఫ్టు మీద జరిగే పళ్ల దిమ్మ, అంటే క్లచ్ డాగ్, ఎటు వెళ్లి కరుచుకుంటే పడవ అటు కదులుతుంది. గేరు మీట జరిపినప్పుడు ఆ కదలిక కడ్డీ ద్వారా కిందికి చేరి డాగ్‌ను జరుపుతుంది. లోపం మీటలోనూ ఉండవచ్చు, కడ్డీలోనూ, కింది గేర్ల పెట్టెలోనూ, చివరికి ఫ్యానులోనూ ఉండవచ్చు. అందుకే నేను పై నుంచి కిందికి వెతుకుతాను. పెట్టె విప్పడం ఆఖరి పని.

మీట బిగుసుకుపోవడం మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. ఎండాకాలంలో పై నుంచి వచ్చే నీరు తగ్గి సముద్రపు ఉప్పు నదిలోకి చాలా దూరం ఎగదన్నుతుంది. ఆ ఉప్పు మీట ఇరుసులోనూ కడ్డీ కీళ్లలోనూ గడ్డకడుతుంది. బలం చూపిస్తే కడ్డీ వంగుతుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి, ఒక పూట నానబెట్టి, మెల్లగా ఆడించి, ఆ తర్వాత మెరైన్ గ్రీజు పెడితే నా మోటారుకు ప్రతిసారీ సరిపోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే రోజుల్లో ఈ పని చేసుకుంటే సీజనంతా బెంగ ఉండదు.

ఒక సందేహం నన్ను చాలామంది అడుగుతారు. మొన్న మా అన్నయ్య కొడుకూ అదే అడిగాడు: "బాబాయ్, ఒడ్డున ఇంజిను ఆపి చూస్తే రివర్సు పడటం లేదు, పెట్టె విప్పేయమంటావా?" ఇంజిను ఆగి ఉన్నప్పుడు డాగ్ పళ్లు ఎదురెదురుగా నిలిస్తే గేరు పడదు, అది లోపం కాదు. స్పార్క్ ప్లగ్ తీగ తీసేసి, ఒక చేత్తో ఫ్యానును కొద్దికొద్దిగా తిప్పుతూ మరో చేత్తో మీట జరపాలి. అలా పడితే పెట్టె జోలికి పోవద్దు.

ఇక మరో రకం: ఇంజిను శబ్దం పెరుగుతుంది, పడవ మాత్రం కదలదు. ఇది గేరు తప్పు కాకపోవచ్చు. ఫ్యాను మధ్యలోని రబ్బరు జారిపోతే ఇలాగే ఉంటుంది. లోపలి ఇత్తడి బుష్షు నుంచి బయటి భాగం మీదికి పెయింటుతో ఒక గీత గీసి, కాసేపు నడిపి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు పోయినట్టే. షియర్ పిన్ (ఫ్యానుకు గట్టి దెబ్బ తగిలితే ముందుగా తెగే చిన్న పిన్) ఉండే చిన్న మోటార్లలో ముందు ఆ పిన్ చూడాలి.

వేగం ఇచ్చినప్పుడు టక్కుమని గేరు జారిపోతుంటే మాత్రం వెంటనే పట్టించుకోవాలి. డాగ్ సగమే లోపలికి వెళుతుంటే పళ్ల అంచులు అరిగి గుండ్రమవుతాయి. కడ్డీ సర్దుబాటు తప్పినా మొదట్లో ఇదే లక్షణం. ఆ దశలోనే సరిచేస్తే డాగ్ దక్కుతుంది, ఆలస్యమైతే డాగ్‌తో పాటు గేరు కూడా మార్చాల్సి వస్తుంది. మీటను నెమ్మదిగా జరిపితే గేరుకు మేలని మావాళ్లలో గట్టి నమ్మకం ఉంది. నిజానికి నెమ్మదిగా జరిపినప్పుడే పళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, ఒకే ఊపులో వేయాలి. ఐడిల్ వేగం (థ్రాటిల్ ఇవ్వనప్పుడు ఇంజిను తిరిగే వేగం) ఎక్కువగా ఉంటే గేరు పడేటప్పుడు పెద్ద దెబ్బ వినిపిస్తుంది. అప్పుడు ముందు కార్బురేటర్ సరిచేయాలి.

గేరు నూనె మాట ప్రత్యేకంగా చెప్పాలి. వలల నైలాను దారం ఫ్యాను వెనక చుట్టుకుని, పెట్టెలోకి నీళ్లు రాకుండా ఆపే సీలును కోస్తుంది, అక్కడి నుంచి నీళ్లు లోపలికి దిగుతాయి. పెట్టె కింది మర (స్క్రూ) విప్పితే నూనె పాల రంగులో వస్తుంది. సీలు మార్చకుండా నూనె మాత్రమే మారిస్తే మళ్లీ అదే గతి. కొత్త నూనెను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రం నుంచి పొంగే దాకా. ముందు పై మర, తర్వాత కింది మర, రెంటికీ కొత్త వాషర్లు. మరకు అయస్కాంతం ఉంటే దానికి అంటిన సన్నని పొడిని చూసి కంగారు పడవద్దు. చేతికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే గేరు విరుగుతున్నట్టే.

పెట్టె దింపక తప్పనప్పుడు ఇంజినును చల్లబరిచే నీటి పంపులోని ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల చక్రం) కూడా మార్చేయండి, మళ్లీ అంత పని పెట్టుకోనక్కర్లేదు. తిరిగి ఎక్కించేటప్పుడు పైన మీట, కింద పెట్టె రెండూ ఒకే గేరులో ఉండాలి. ఇది తప్పితే బోల్టులు బిగిశాక న్యూట్రలే దొరకదు.

ఈ మోటారులో నాకు నచ్చనిది ఒక్కటే: కడ్డీ కీలు దగ్గర గ్రీజు పెట్టాలంటే పైన చాలా విప్పాలి, ఉప్పునీటి రేవుల కోసం తయారైన యంత్రానికి అది తగదు. గేర్‌బాక్సు మాత్రం దిట్టమైనది. పాతది కొనేవారు నూనె మర విప్పి చూపించమని అడగండి. అమ్మే మనిషి తటపటాయిస్తే ఆ మోటారు వద్దు.