పెట్టె మీద పెట్టె: ఆరేళ్ళు వాడాక

ఇంటర్నెట్ సామాను పెట్టుకోవడానికి గోడకు బిగించి, ఒకదాని మీద ఒకటి పేర్చుకునే ఈ నెట్‌వర్క్ ఇనుప పెట్టెల గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది దాని పైమూత గురించే. అది ఒకే పలక కాదు, నడిమధ్యలో రెండుగా చీలి ఉంటుంది, కేబుళ్ళు దూరే సందు ఆ చీలిక మీదే వస్తుంది. నాలుగు బోల్టులు విప్పితే రెండు ముక్కలు చెరో పక్కకు వచ్చేస్తాయి, లోపలికి దిగిన ఫైబరూ కేబుళ్ళూ ఎక్కడివి అక్కడే ఉంటాయి. పైన రెండో పెట్టె కట్టి, అదే మూతను దాని నెత్తిన మళ్ళీ మూసేయొచ్చు. ఒక్క వైరు కూడా పీకే పని లేదు. ఈ ఒక్క సౌకర్యం కోసమే కొన్నాను, ఆరేళ్ళు దాటినా దాని మీద ఇష్టం తగ్గలేదు. దానితో ఒక పెద్ద ఇబ్బంది కూడా పడ్డాను, అది కింద వివరంగా చెబుతాను.

నేను కడపలో బుగ్గవంక దగ్గర మూడు వీధులకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తాను, పక్కన సీసీ కెమెరాలు, ఆఫీసులకు లాన్ కేబులింగ్ పని కూడా చేస్తాను. సామాను పెట్టిన గది అద్దెది, కింది అంతస్తు, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. 2019 ఎండాకాలంలో 6యూ పెట్టె (యూ అంటే ర్యాకు ఎత్తుకు కొలత) ఒకటి గోడకు బిగించి, అందులో ఎనిమిది పోర్టుల ఓఎల్‌టీ (ఫైబరు మీద ఇళ్ళకు నెట్ పంపే పరికరం), ఒక నెట్‌వర్క్ స్విచ్, 24 కోర్ల (పోగుల) ఫైబర్ ట్రే పెట్టాను. ఈ పని చేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు, మామూలు ర్యాకులో చోటు చాలకపోతే ట్రేలో స్ప్లైస్ చేసిన, అంటే అతికించిన ఫైబరును కోసి, బయటికి లాగి, కొత్త పెట్టెలో పెట్టి మళ్ళీ ఒక్కొక్క కోరూ అతికించాలి. స్ప్లైసింగ్ మిషన్ నాకు సొంతానికి లేదు, అద్దెకు తేవాలి. అతికించే పని సగం రాత్రి పట్టినా, అంతసేపూ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఓఎల్‌టీలో ఫైబరు బయలుదేరే ఒక్క పాన్ పోర్టు మీదే 64 ఇళ్ళ దాకా ఉండొచ్చు, అన్ని ఇళ్ళూ ఒకేసారి ఆగిపోతే ఆ టెన్షన్ ఎట్లుంటుందో పడినవాడికే తెలుసు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు, అప్పటిదాకా నెట్ వద్దన్న ఇళ్ళవాళ్ళు కూడా పిల్లల ఆన్‌లైన్ క్లాసులకని ఫోన్లు చేశారు. జూన్ వచ్చేసరికి పెట్టె నిండిపోయింది. రెండో పెట్టె తెప్పించి, ఒక రాత్రి పదకొండుకు మొదలుపెట్టి ఒంటిగంటన్నరకు ముగించాం. మూత విప్పి, కేబుళ్ళను ముందుకు వంచి పట్టుకుని, కొత్త పెట్టె వెనక పలకను గోడకు బిగించి, తర్వాత పక్క పలకలు, ఆఖరికి పైన మూత. పని జరుగుతున్నంతసేపూ ఓఎల్‌టీ మీద పచ్చ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఒక్క ఫోన్ రాలేదు. ఆ రాత్రి నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు, మరుసటి రోజే మా లైన్లో పనిచేసే నలుగురైదుగురికి ఫోన్ చేసి కొనండని చెప్పాను.

రెండు నెలలకు, వానలు మొదలై గది నేల చెమ్మగా ఉన్న రోజుల్లో, నా దగ్గర పనిచేసే పిల్లవాడు పై పెట్టెలో ప్యాచ్ కార్డు (పరికరాలను కలిపే పొట్టి కేబులు) మారుస్తూ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అన్నా, జిమ్మంటాంది" అన్నాడు. నేను చెప్పులేసుకుని ఉన్నా, ముట్టుకుంటే ఏమీ తెలియలేదు. చెమట చేతుల వల్లేమో అనుకున్నాను. రెండు రోజులకు మళ్ళీ అదే మాట, ఈసారి వాడి మోచెయ్యి కింది పెట్టెకు ఆని, వేళ్ళు పై పెట్టె తలుపు మీద ఉన్నాయి. నేను చెప్పులు విడిచి అట్లే పెట్టి చూశాను. గట్టి షాకు కాదు గానీ ముంజేతి దాకా చీమలు పాకినట్టు అనిపించింది. ఆ పిల్లవాడి ముందు నాకు చాలా తప్పు చేసినట్టు అనిపించింది, వాడు మొదటిసారి చెప్పినప్పుడే మీటరు తీసుండాల్సింది.

ముందు స్విచ్‌ను అనుమానించాను, దాన్ని మార్చాను. పోలేదు. అడాప్టర్లు మార్చాను. పోలేదు. ఇంటి వైరింగులో లోపమేమో అని మా వీధిలో ఉండే పాతకాలం ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను, అందరం మామా అనే పిలుస్తాం. ఆయన బోర్డులో అన్నీ చూసి బాగానే ఉన్నాయన్నాడు, ఎర్తు గుంతలో నీళ్ళు పోసి చూశాడు, అదీ బాగానే ఉంది. తర్వాత మల్టీమీటరు ఒక పిన్ను కింది పెట్టె బోల్టుకు, రెండో పిన్ను పై పెట్టె బోల్టుకు పెట్టాడు. 108 వోల్టులు. అక్కడున్న ముగ్గురం మీటరు వైపే చూస్తూ ఉండిపోయాం. "రెండూ ఒకే ఇనుప పెట్టె అంటివి కదప్పా, కరెంటు లెక్కలో రెండూ వేరే వేరే" అన్నాడు మామ.

అంతా ఆపేసి, మీటరును కంటిన్యూటీలో (కరెంటుకు దారి ఉంటే బీప్ కొట్టేదానిలో) పెట్టి చూస్తే రెండు పెట్టెల మధ్య బీప్ రాదు. కారణం వెతికితే కళ్ళ ముందే ఉంది. రెండు పెట్టెలకూ లోపలా బయటా పౌడర్ కోటింగ్ ఉంది, అది కరెంటును పోనివ్వదు. పెట్టెల మధ్య దుమ్ము రాకుండా రబ్బరు పట్టీ ఉంది. కలిపే బోల్టులకు రెండు వైపులా ప్లాస్టిక్ వాషర్లు ఇచ్చారు, అదిరినప్పుడు చప్పుడు రాకుండా అనుకుంటా. అంటే ఇనుముకు ఇనుము తగిలే చోటు ఒక్కటీ లేదు. ఎర్తు బోల్టేమో కింది పెట్టె అడుగున ఉంది, నేను దానికే వైరు ఇచ్చాను, పైది కూడా దానితోనే ఎర్తు అయిపోయిందనుకున్నాను. పై పెట్టెలో ఉన్న చిన్న స్విచ్‌లు, మీడియా కన్వర్టర్లు (ఫైబరును మామూలు కేబులుకు కలిపేవి) అన్నీ రెండు పిన్నుల అడాప్టర్లతో నడిచేవి, వాటికి ఎర్తు పిన్నే ఉండదు. ఆ అడాప్టర్ల లోపల కరెంటు వైపుకూ డీసీ వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, రేడియో గోల తగ్గించడానికి పెడతారు. దాని గుండా చాలా కొద్ది కరెంటు స్విచ్ బాడీకి వస్తుంది, ఎర్తు ఉంటే చప్పుడు లేకుండా అటే పోతుంది, లేకపోతే ఆ బాడీ మెయిన్స్ వోల్టేజీలో దాదాపు సగం దగ్గర తేలుతూ ఉంటుంది. ఒక్క అడాప్టర్ అయితే తెలియదు, నా పెట్టెలో ఆరు ఉన్నాయి, అన్నీ కలిసి ఒకే ఇనుము మీదికి వచ్చాయి. మామూలు యూటీపీ నెట్ కేబులుకు షీల్డు, అంటే లోహపు తొడుగు ఉండదు కాబట్టి కింది స్విచ్‌కూ పై స్విచ్‌కూ మధ్య వేసిన ప్యాచ్ కార్డుల ద్వారా కూడా ఎర్తు అందలేదు.

దీనికి మందు ఇంత చిన్నదా అనిపించింది. రెండు పెట్టెల్లో ఒక్కో బోల్టు రంధ్రం చుట్టూ కోటింగును ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ళున్న వాషర్లు వేసి, చివర్లకు లగ్గులు (బోల్టుకు తగిలించే లోహపు కొసలు) కొట్టిన ఆకుపచ్చ పసుపు 6 స్క్వేర్ ఎంఎం వైరు ముక్కతో కలిపాం. గీకిన చోట తుప్పు పట్టకుండా కొంచెం గ్రీజు పూశాం. తలుపులకు కూడా అట్లాంటివే చిన్న ముక్కలు వేశాం, ఎందుకంటే కీళ్ళు కూడా కోటింగు మీదే ఆడుతున్నాయి. మొత్తం రెండొందల రూపాయల లోపు. మీటరు సున్నా చూపించింది. ఆ వానాకాలంలో నావి రెండు పోర్టులు పిడుగులప్పుడు పోయాయి, వైరు వేసిన తర్వాత ఇప్పటిదాకా ఒక్కటీ పోలేదు. దానివల్లే అని గట్టిగా చెప్పను, అదే సమయంలో సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టాను.

నాకు కోపం వచ్చింది కరెంటు లీకైనందుకు కాదు. ఆ రెండు పెట్టెలూ కలిపి వాడడానికే తయారు చేశారు, కలిపే బోల్టులు ఇచ్చారు, రబ్బరు ఇచ్చారు, ఆ వైరు ముక్క మాత్రం ఇవ్వలేదు. బొమ్మలున్న కాగితం మీద ఎర్తు గురించి ఒక్క గీత కూడా లేదు. అమ్మినతనికి ఫోన్ చేస్తే "అందరూ ఇట్లే వాడతాండారు సార్, ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఎవరూ చెప్పకపోవడానికి కారణం చెప్పులేసుకుని పనిచేయడం కావచ్చు. నేను ముందు ఫోన్ చేసి కొనమన్న వాళ్ళందరికీ మళ్ళీ ఫోన్ చేసి మీటరు పెట్టి చూడమన్నాను, ఇద్దరి దగ్గర నాలాగే వోల్టులు చూపించింది.

ఇక వేడి. కడప ఎండలు తెలిసినవే, మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. ఒకే పెట్టె ఉన్నప్పుడు ఫ్యాను సరిపోయింది. రెండైన తర్వాత కింది ఓఎల్‌టీ వేడి అంతా పైకెక్కి పై పెట్టెలో నిలబడుతుంది. 2022 మేలో పై పెట్టెలో థర్మామీటరు పెడితే మధ్యాహ్నం మూడుకు 51 చూపించింది, అందులో ఉన్న స్విచ్ మీద రాసిన వేడి పరిమితి 45. ఫ్యాను తీసి చూస్తే అది గాలిని లోపలికి తోస్తోంది, పైకి రావాల్సిన వేడి గాలికి ఎదురుగా. దాన్ని తిరగేసి బిగిస్తే, అదే ఎండలో 46కి దిగింది. ఆ మిగిలిన ఒక్క డిగ్రీ కోసం రెండు పరికరాల మధ్య ఒక యూ ఖాళీ వదిలాను. కొత్తగా బిగించేవాళ్ళు ఫ్యాను గాలి ఎటు పోతుందో ఒక కాగితం ముక్క పెట్టి చూసుకోండి.

పైన మూత గురించి అంత పొగిడాను కదా, అది అన్ని చోట్లా పనికొస్తుందని అనుకోవద్దు. నా గదిలో కేబుళ్ళు పైకప్పు నుంచి దిగుతాయి, పెట్టె కింద కడప బండ అలమర ఉంది, బరువు కొంత దాని మీద ఆనుతుంది, అందుకని పైకి పెంచడం సులువైంది. ఒక స్కూల్లో ఇదే పెట్టెను సీలింగుకు అంటుకునేటట్టు బిగించాను, రెండేళ్ళకు పెంచాల్సి వస్తే పైన చోటు లేదు, కిందికే పెంచాలి. కింది పలక చీలి ఉండదు, ఒకే ముక్క. పైగా ప్యాచ్ ప్యానెల్‌ను (కేబుళ్ళ చివర్లు బిగించే పలక) కింది పెట్టెలోకి దించాలంటే కేబుళ్ళు పొడవు చాలలేదు, నేను అప్పుడు లూప్ (చుట్టి పెట్టే అదనపు పొడవు) వదల్లేదు. ఒక ఆదివారం అంతా కూర్చుని 24 కేబుళ్ళు మళ్ళీ లాగాం. కేబులు కదపక్కర్లేదు అని నేను అందరికీ చెప్పిన మాట పైనుంచి కేబులు వచ్చి, పైకే పెంచే చోట మాత్రమే నిజం.

2021 నవంబరులో బుగ్గవంక పొంగినప్పుడు గదిలోకి మోకాలు లోతు నీళ్ళు వచ్చాయి. నేల మీద ఉన్న యూపీఎస్, బ్యాటరీలు పోయాయి. గోడ మీద ఉన్న పెట్టెలకు తడి తగల్లేదు, మర్నాడు సాయంత్రానికి కొత్త బ్యాటరీలతో లైను లేచింది. ఇది పెట్టె గొప్ప కాదు, గోడ మీద ఏ పెట్టె ఉన్నా అట్లే ఉండేది. కానీ చోటు చాలడం లేదని నేను నేల మీద నిలబెట్టే పెద్ద ర్యాకు కొనుంటే ఓఎల్‌టీ కూడా నీళ్ళలోనే ఉండేది.

చిన్న సంగతి ఒకటి. వాడని రంధ్రాల బిళ్ళలు పొరపాటున ఊడదీస్తే వాటిని మూయకుండా వదలొద్దు, మా పక్క చలికాలంలో బల్లులు ఆ వెచ్చదనానికి లోపలికి చేరతాయి. ఒకటి అడాప్టర్ పిన్నుల మీద పడి చచ్చింది, ఒక వీధి రెండు గంటలు ఆగింది.

కొనాలా అంటే, నాలాంటివాళ్ళకైతే కొనండి అంటాను: అద్దె గది, ఒకేసారి పెద్ద డబ్బు పెట్టలేని పరిస్థితి, కనెక్షన్లు ఎంత పెరుగుతాయో ముందే తెలియని వ్యాపారం. రెండు 6యూ పెట్టెలకు నాకైన ఖర్చు ఒక 12యూ ర్యాకుకు దాదాపు ఒకటిన్నర రెట్లు. కాబట్టి ఎన్ని పోర్టులు కావాలో మొదటే తెలిసిన ఆఫీసుకో హాస్టలుకో ఇది దండగ ఖర్చు, ఒకే పెద్ద ర్యాకు పెట్టించండి. మూడో పెట్టె సంగతి నన్ను అడగొద్దు, గోడ మీద రెండు దాటి పెట్టే ధైర్యం నేను చేయలేదు, మా గోడ పాత ఇటుకలది, గోడలో దిగిన ఫాస్టెనర్లు ఎంతవరకు ఆపుతాయో అని భయం.

వచ్చే నెల గది పై అంతస్తుకు మారుస్తున్నాం, వాన భయం పోతుందని. ఈ రెండు పెట్టెలనే తీసుకెళ్తున్నాను. ఈసారి కేబుళ్ళకు మూడు మీటర్ల లూప్ వదులుతున్నాం, ఎర్తు వైరు ముక్కలు ఇప్పటికే లగ్గులు కొట్టి సంచిలో పెట్టుకున్నాడు మా పిల్లవాడు, పెట్టెలు గోడకెక్కగానే ముందు వాడే మీటరు పెట్టి చూస్తానన్నాడు.